ఇచ్చే చెయ్యి, పుచ్చుకొనే చెయ్యి: కతోలిక సాంఘిక బోధలో కానుక, సమాధానము – చిత్తూరు సీమ నుండి ఒక పరిశీలన

కతోలిక శ్రీసభ సాంఘిక బోధను మన సెమినరీలలో శ్రద్ధగా చదివేవారు తక్కువ. చదివినా 1891 నాటి 'రేరుమ్ నోవారుమ్' దగ్గర మొదలుపెట్టి, కార్మికుల హక్కులను గూర్చి రెండు పేజీల నోట్సు వ్రాసుకొని, పరీక్ష ముగిసిన తరువాత మరచిపోతాము. ఆ బోధలో ఇటీవలి కాలములో బలపడిన ఒక ఆలోచనను ఈ వ్యాసములో పరిశీలించదలచాము. అది కానుకను గూర్చిన ఆలోచన. ప్రతిఫలము కోరకుండా ఇచ్చుట వలన మనుష్యుల మధ్య సహోదరత్వము, సహోదరత్వము వలన సమాధానము కలుగుతుందని ఆ బోధ చెబుతున్నది. ఈ మాట తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పల్లెలలో నిలుస్తుందా అన్నదే మా ప్రశ్న.

ముందుగా ఆ బోధ ఎక్కడ నుండి ఎక్కడకు వచ్చినదో చూద్దాము. 1963లో 23వ యోహాను పోపుగారు 'పాచెమ్ ఇన్ తెర్రిస్' లేఖలో సమాధానమునకు సత్యము, న్యాయము, ప్రేమ, స్వేచ్ఛ అనే నాలుగు పునాదులు చూపారు. 1967లో 6వ పౌలు పోపుగారు పేద ప్రజల అభివృద్ధి లేకుండా సమాధానమును గూర్చి మాట్లాడుట వ్యర్థమని గ్రహించి 'పోపులోరుమ్ ప్రోగ్రెస్సియో' వ్రాశారు. 1987లో 2వ జాన్ పాల్ పోపుగారు సమాధానము సంఘీభావపు ఫలమన్నారు. ఈ మూడింటి తరువాత, 2009 జూన్ 29వ తేదీతో 16వ బెనెడిక్ట్ పోపుగారి 'కారితాస్ ఇన్ వెరితాతే' వచ్చినది. 'సత్యములో ప్రేమ' అని దాని పేరుకు అర్థము. దాని మూడవ అధ్యాయములో ఆయన చెప్పినది స్థూలముగా ఇది: బజారు ఇచ్చిపుచ్చుకొనుట మీద నడుస్తుంది, ప్రభుత్వము విధి మీద నడుస్తుంది, ఈ రెండూ ఎంత బాగా నడిచినా వాటి వలన మనుష్యులు సహోదరులు కారు, ఉచితముగా ఇచ్చుట అనే మూడవది లాభము లెక్కపెట్టుకొన్న తరువాత చేసే ధర్మముగా కాక, ఆర్థిక జీవితము లోపలనే ఉండవలెను. 2020లో ఫ్రాన్సిస్ పోపుగారు 'ఫ్రతెల్లి తుత్తి'లో ఈ ఉచితత్వమును ప్రజల మధ్య, దేశాల మధ్య సమాధానమునకు అన్వయించారు.

ఈ బోధలోని గొప్పతనమును మేము కాదనడము లేదు. లాభము తప్ప మరొకటి తెలియని కాలములో ఒక పీఠాధిపతి ఇంత మాట అన్నందుకు మన సంఘాలు కూడ కృతజ్ఞత కలిగియుండవలెను. కాని మేము ఈ అధ్యాయమును చదివినప్పుడెల్లా ఒక పల్లె జ్ఞాపకము వచ్చి అడ్డుపడుతూ ఉన్నది.

అది పాత చిత్తూరు జిల్లా తూర్పు మండలాలలోనిది. పేరు ఇక్కడ అవసరము లేదు. శ్మశానానికి వెళ్ళే దారి విషయములో ఊరికీ దళితవాడకూ తగాదా వచ్చి, కొట్లాట దాకా వెళ్ళి, పెద్దమనుషులు కూర్చొని రాజీ చేశారు. ఆ సంవత్సరము క్రిస్మసుకు ఊరి పెద్దలు వాడలోని సంఘానికి బియ్యపు మూటలు, చీరెలు పంపారు. అందరూ సంతోషించారు, ఫోటోలు తీసుకున్నారు. మరుసటి క్రిస్మసుకు సంఘపు స్త్రీలు, మనమూ పంపవలె గదా అని, అరిసెలు, కజ్జికాయలు చేసి ఊరిలోనికి పంపారు. ఏ ఇంటివారూ వద్దనలేదు. అరుగు మీద పెట్టి వెళ్ళమన్నారు. ఆ సాయంత్రము ఒక ఇంటి పెరటిలో ఎద్దుల కుడితి తొట్టిలో ఆ అరిసెలు నానుతూ ఉండగా, ఆ ఇంట పనిచేసే సంఘ సభ్యురాలే చూసినది.

తరువాత ఆ సంఘ కాపరి మమ్ములను అడిగారు: "అయ్యా, వాళ్ళు ఇస్తే మేము తిన్నాము. మేము ఇస్తే వాళ్ళ ఎద్దు తిన్నది. దీనిని సమాధానమని ప్రసంగించమంటారా?"

ఆ రోజు మేము సరియైన జవాబు చెప్పలేకపోయాము.

దానము మనకు క్రొత్త కాదు

'కారితాస్ ఇన్ వెరితాతే' వ్రాయబడినది ప్రధానముగా బజారు ఆవరించిన సమాజమును దృష్టిలో పెట్టుకొని. అటువంటి చోట ప్రతిఫలము లేని కానుక ఒక విడుదలగా కనబడుతుంది. మన చోట పరిస్థితి వేరు. మన దేశములో ప్రతిఫలము కోరని దానమును గూర్చి ధర్మశాస్త్రాలు వేల సంవత్సరాలుగా చెబుతూనే ఉన్నవి. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అనే మూడు బాధ్యతలు ప్రతి సమాజములోనూ కనబడుతవన్నాడు. మహాభారతములోని అనుశాసన పర్వమును కూడ పరిశీలించాడు. 1986లో జొనాథన్ ప్యారీ అనే మానవశాస్త్రవేత్త ఆ వాదమును సవరించి, మన దానధర్మములో తిరిగి ఇవ్వకపోవడమే నియమమని, దాతకున్న దోషము దానముతో పాటు పుచ్చుకొన్నవానికి చేరుతుందనే భయము ఇక్కడ ఉన్నదని చూపించాడు. అంటే ప్రతిఫలము లేనంత మాత్రాన కానుక నిర్దోషమైపోదు. తిరిగి ఇవ్వనివ్వని కానుక పుచ్చుకొన్నవానిని శాశ్వతముగా క్రింద కూర్చోబెట్టగలదు. కుడితి తొట్టిలోని అరిసెల సంగతి ఇదే.

మన సీమలో కానుకకు ఉన్న పేర్లను గమనించండి: కానుక, దానము, కట్నము, చదివింపు, సారె, ముడుపు, వాయనము, చివరకు ఆఫీసులలో 'మామూలు'. పెండ్లిలో చదివింపులు ఎలా జరుగుతవో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒకరు పేరు, మొత్తము పైకి చదువుతారు, ఒకరు పుస్తకములో వ్రాస్తారు. సరిహద్దుకు అవతల తమిళులు దీనినే మొయ్ అంటారు. ఆ పుస్తకము బీరువాలో భద్రముగా ఉంటుంది. రేపు వారి ఇంట శుభకార్యమైనప్పుడు తీసి చూస్తారు. పైనుంచి వచ్చిన మిషనరీలు దీనిని వ్యాపారమని ఈసడించి ఉండవచ్చును గాని, మాకు అలా అనిపించదు. పుస్తకములో పేరు ఉన్నవాడు సమానుడు. బాకీ పడగలవాడు, తీర్చగలవాడు. ఊరి పెండ్లి పుస్తకములో దళితవాడ పేర్లు ఎన్ని ఉంటవో చూస్తే ఆ ఊరి సమాధానపు లోతు తెలుస్తుంది.

అయితే రాయలసీమలో మరొక పుస్తకము కూడ ఉన్నది, కాగితము మీద లేనిది. కడప, కర్నూలు జిల్లాల ఫ్యాక్షను పల్లెలలో ఒక చావుకు ఒక చావు అని తరతరాలు లెక్క నడిచినది. చిత్తూరులో దాని తీవ్రత తక్కువ గాని లెక్క తెలియనివారు లేరు. పగ కూడ ఒక విధమైన ఇచ్చిపుచ్చుకొనుటే. పుచ్చుకొన్నవాడు తిరిగి ఇవ్వకపోతే మర్యాద పోతుంది. ఇటువంటి చోట ఎవరో ఒకరు లెక్క ఆపి ఉచితముగా క్షమించుట నిజముగా సువార్తే. ఈ ఒక్క విషయములో బెనెడిక్ట్, ఫ్రాన్సిస్ పోపుగార్ల బోధ మన ప్రాంతమునకు నేరుగా అందుతుంది. కాని వెంటనే ఒక హెచ్చరిక అవసరము. సమానుల మధ్య పగలో లెక్క ఆపుట వేరు, చచ్చినవారు ఎప్పుడూ ఒకే వైపువారైనచోట లెక్క ఆపమనుట వేరు. రెండవదానిలో రాజీ డబ్బు అనే కానుక వస్తుంది. సాక్షులు మాట మారుస్తారు, కేసు వీగిపోతుంది, ఊరు 'ప్రశాంతముగా' ఉంటుంది. ఫ్రాన్సిస్ పోపుగారు ఈ ప్రమాదమును గుర్తించారు. అణచివేసినవానిని ప్రేమించుట అంటే అతడిని అలాగే కొనసాగనిచ్చుట కాదని, నష్టపోయినవారు న్యాయము అడుగుట క్షమాపణకు విరోధము కాదని 'ఫ్రతెల్లి తుత్తి' 241వ పేరాలో స్పష్టముగానే ఉన్నది.

కొండ మీద, కొండ క్రింద

తిరుపతిలో ఉండి కానుకను గూర్చి వ్రాస్తూ కొండ వైపు చూడకపోవడము సాధ్యము కాదు. పొరుగువారి విశ్వాసమును తప్పుపట్టుటకు కాదు, నేర్చుకొనుటకే చూస్తున్నాము. పద్మావతితో వివాహమునకై కుబేరుని వద్ద అప్పు చేసి, నేటికీ వడ్డీ కడుతున్న దేవుడని భక్తులు వేంకటేశ్వరుని వడ్డికాసులవాడు అంటారు. హుండీలో వేసే కానుక ఈ కథలో దేవుని బాకీ తీర్చుటకు మనిషి చేసే సహాయము. ఇచ్చేవాడు పైన, పుచ్చుకొనేవాడు క్రింద అన్న వరుస ఇక్కడ తలక్రిందులైనది.

మరొకటి. ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానము నుండి సారె వెళుతుంది. గంగమ్మ వేంకటేశ్వరుని చెల్లెలని నమ్మకము. కొండ మీది ఆరాధన ఒక తీరు, గ్రామదేవత ఆరాధన మరొక తీరు. ఆ రెంటి వెనుక నిలిచిన కులాలు వేరు. ఆ దూరమును సారె కలుపుతుంది. కాని దానిని ఎవరూ 'ఉచితము' అనుకోరు. ఆడపడుచుకు పుట్టింటి మీద హక్కు ఉన్నది, అన్న ఆ హక్కును ఏటా ఒప్పుకుంటాడు. మా దృష్టిలో ఇది చాల ముఖ్యమైన తేడా. ఇక్కడ కానుక దాత ఔదార్యమును కాక, పుచ్చుకొనేవారి హక్కును ప్రకటిస్తున్నది.

1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదానమును గూర్చి కూడ ఒక్క మాట. 2011 నుండి అది తరిగొండ వెంగమాంబ పేరిట కట్టిన భవనములో జరుగుతున్నది. విరాళము ఎవరు ఇచ్చారో బంతిలో కూర్చున్నవానికి తెలియదు, ఎవరికీ దండము పెట్టనక్కరలేదు. మన సంఘాలు వరద సహాయము పంచేటప్పుడు కట్టే బ్యానర్లను తలచుకొంటే కొంచెము సిగ్గు కలుగుతుంది.

లేఖలోనే ఉన్న తాళపుచెవి

ఇప్పుడు మా విమర్శకు వద్దాము. 'కారితాస్ ఇన్ వెరితాతే' కానుకను పొందుట గూర్చి మాట్లాడలేదని కాదు. మనిషి ఉనికి, ప్రేమ, సత్యము అన్నీ దేవుని వద్ద నుండి పొందినవేనని ఆ లేఖ పదే పదే చెబుతుంది. కాని దేవుని వద్ద పొందుట గూర్చి చెప్పినంతగా, తనకంటె తక్కువవాడని ఎంచిన మనిషి వద్ద పొందుట గూర్చి చెప్పదు. దాని కానుక ఎక్కువగా పై నుండి క్రిందికే ప్రవహిస్తుంది. 'ఫ్రతెల్లి తుత్తి' రెండవ అధ్యాయమంతా మంచి సమరయుని ఉపమానమే గాని, అక్కడ కూడ బరువు సహాయము చేసిన సమరయుని మీదనే పడినది. అసహ్యించుకొన్నవాని చేతి నూనెను, ద్రాక్షారసమును తన గాయముల మీద పోయనిచ్చిన యూదుని మీద ఇంకొంత నిలిచి ఉంటే బాగుండేది.

ఆశ్చర్యమేమంటే, దీనికి తాళపుచెవి బెనెడిక్ట్ పోపుగారి లేఖలోనే ఉన్నది. ఎదుటివానికి న్యాయముగా చెందవలసినది ముందు ఇవ్వకుండా నాది అతనికి కానుకగా ఇవ్వలేనని 6వ పేరాలో ఆయన వ్రాశారు. అంతకుముందే 6వ పౌలు పోపుగారు 1967లో పరిశుద్ధ అంబ్రోసు మాటను గుర్తుచేశారు: బీదవానికి నీవు ఇచ్చేది నీ సొత్తు కాదు, అతని సొత్తునే తిరిగి ఇస్తున్నావని దాని భావము. ఈ రెండు మాటలను మూడవ అధ్యాయములోనికి తీసుకొనివెళ్ళి ఉంటే, కానుకను గూర్చిన బోధ 'తిరిగి అప్పగించుట' అనే పునాది మీద నిలిచేది. లేఖ ఆ పని చేయలేదు. న్యాయము మొదటి మెట్టుగా పేర్కొనబడి, తరువాత కానుకను గూర్చిన అందమైన భాషలో వెనుకబడిపోయినది.

వాక్యము ఏమి చూపుతున్నదో చూద్దాము. ఆదికాండము 32లో యాకోబు ఏశావుకు పంపిన కానుకను లెక్కపెడితే, ఒంటె పిల్లలు కాక, 550 పశువులు. హెబ్రీ మూలములో దీనికి మొదట 'మిన్హా' అనే పదము వాడబడినది, అనగా అధికుని ప్రసన్నము చేసుకొనుటకు ఇచ్చే కానుక. 33:10 వరకు ఇదే పదము. కాని 33:11లో యాకోబు హఠాత్తుగా పదము మార్చి, నా 'బెరాఖా' పుచ్చుకొనుమంటాడు. బెరాఖా అనగా ఆశీర్వాదము. 27వ అధ్యాయములో అన్న వద్ద నుండి మోసముతో లాగుకొన్నది అదే. ఇది కథకుడు తెలిసి చేసిన మార్పు అని మా అభిప్రాయము. మిన్హా పంపినంతసేపు యాకోబు భయముతో ఉన్నాడు. దొంగిలించిన దానికి పేరుపెట్టి తిరిగి చాపినప్పుడు ఏశావు పుచ్చుకొన్నాడు. ఆ తరువాత కూడ వారు ఒకే ఊరిలో కాపురముండలేదు. ఒకరు శేయీరుకు, ఒకరు సుక్కోతుకు వెళ్ళారు. వాక్యము సమాధానమును ఎక్కువ చేసి చూపించదు.

పౌలు చందా సంగతి ఇంకా పదునైనది. అన్యజనుల సంఘాల నుండి యెరూషలేము బీదలకు ధనము పోగుచేసి తీసుకొనివెళుతూ, రోమా 15:31లో ఒక ప్రార్థన కోరతాడు. దారిలో దొంగలు పడకూడదని కాదు. ఆ పరిచర్య యెరూషలేము పరిశుద్ధులకు ప్రీతికరమగునట్లు ప్రార్థించమంటాడు. అంటే వారు పుచ్చుకొనరేమో అని అతని భయము. అన్యుల చేతి డబ్బు పుచ్చుకొంటే అన్యులను సహోదరులుగా ఒప్పుకొన్నట్టే. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో లూకా పౌలు రాకను వివరముగా వ్రాసి, ఈ చందా పుచ్చుకొన్నారో లేదో ఒక్క మాట కూడ చెప్పడు. ఆ మౌనమును గూర్చి పండితులు ఎన్నో ఊహలు చేశారు. పల్లెలో పనిచేసే కాపరికి ఆ మౌనము సులభముగానే అర్థమవుతుంది.

యోహాను 4లో యేసు జీవజలమును గూర్చి చెప్పకముందు తానే నీళ్ళు అడుగుతాడు. 9వ వచనములోని గ్రీకు క్రియకు యూదులు సమరయులతో 'సాంగత్యము చేయరు' అనే అర్థముతో పాటు, వారి పాత్రలను కలిసి వాడరు అనే అర్థము కూడ చెప్పవచ్చునని డేవిడ్ డౌబె 1950లో చూపించాడు. టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతిని జస్టిస్ కె. పున్నయ్య కమిషను 2001లో తన నివేదికలో నమోదు చేసిన రాష్ట్రము మనది. ఆ వచనమునకు మనకంటె దగ్గరి వ్యాఖ్యాతలు ఎవరుంటారు?

భూదానము

కానుక ద్వారా సమాధానము అన్న ప్రయోగము తెలుగునాట ఒకసారి పెద్ద ఎత్తున జరిగినది. 1951 ఏప్రిల్ 18న, తెలంగాణ సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని రోజులలో, పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలిచారు. భూదానోద్యమము అక్కడ పుట్టినది. తరువాత దేశమంతటా వచ్చిన భూమిలో చాల భాగము సేద్యానికి పనికిరానిదని, పంపిణీయే కాలేదని అందరికీ తెలుసు. అందువలన కొందరు దానిని పూర్తిగా కొట్టివేస్తారు. మేము అలా కొట్టివేయము. మొదటి రోజు జరిగిన దానిలో, కానుకకు ముందు ఒక అడుగుట ఉన్నది. ఎంత కావాలో పుచ్చుకొనేవారే చెప్పారు. వినోబా కూడ దానమంటే సంవిభాగము, అనగా సరిగా పంచుకొనుట, అని శంకరాచార్యుల మాటతో అర్థము చెప్పేవారు. ఇది అంబ్రోసు మాటకు చాల దగ్గర. ఉద్యమము ఊరూరా తిరిగిన కొలదీ అడుగుట తగ్గి, దాతల జాబితా పెరిగినది. పతనము అక్కడే మొదలైనదని మా అంచనా.

ఈ విషయములో సంఘము బయట నిలిచి తీర్పు చెప్పలేదు. ధాత కరువు (1876–78) నాటి నుండి మన ప్రజలు కూటికోసము మతము మారారనే నిందను మోస్తున్నారు. ఆ కరువులో ఒంగోలు ప్రాంతములో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసుకొని ప్రజలకు కూలి ఇప్పించాడు. సహాయము నడిచినంతకాలము బాప్తిస్మము ఇవ్వనన్నాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ ఆగుట తరువాతనే. కానుకను విశ్వాసమునకు వెలగా మారనివ్వకూడదని ఆయనకు తెలుసు. కాని ఆ తరువాత ఆస్పత్రులు, పాఠశాలలు, పాలపొడి డబ్బాలు ఇస్తూ ఇస్తూ, మిషన్లు మన సంఘాలకు పుచ్చుకొనుట మాత్రమే నేర్పినవి. కతోలిక శ్రీసభ సంగతి వేరు కాదు. తమ సంఘము లోపల కూడ దళితుల పట్ల అంటరానితనము ఉన్నదని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో ప్రకటించిన విధాన పత్రములో ఒప్పుకొన్నది. కర్నూలు జిల్లాలో పుట్టి కడప మేత్రాసనములో గురువుగా పనిచేసిన పూల అంతోని గారు 2022లో కార్డినలు అయ్యారు. దళితులలో నుండి ఆ స్థానమునకు వచ్చిన మొదటివారు ఆయనే. ఆయన చేతి నుండి దివ్యసత్ప్రసాదము పుచ్చుకొనే వరుసలో అన్ని కులాలవారూ నిలుస్తారు. బలిపీఠము దగ్గర సాధ్యమైనది గుడి బయట విందు బల్ల దగ్గర ఎంతవరకు వచ్చినదో ఆయా విచారణలవారే చెప్పవలెను. మన సంఘాలను గూర్చి మనము చెప్పవలెను.

నోములలో వాయనమిచ్చే స్త్రీలు ఇచ్చానని ఒకరు, పుచ్చుకొన్నానని ఒకరు పైకి చెప్పుకొంటారు. రెండవ మాట పలుకకపోతే వాయనము పూర్తి కాదు. మత్తయి 5:23–24లో అర్పణను బలిపీఠము ఎదుట విడిచి వెళ్ళమన్న ఆజ్ఞను మనము క్షమాపణ ప్రసంగాలకు వాడుతాము. అక్కడ నేరము మోపగలవాడు ఎదుటివాడు. వెళ్ళవలసినది అర్పణ తెచ్చినవాడు. దాత తన కానుకను పక్కన పెట్టి ఫిర్యాదు వినుటకు నడవవలసియున్నది. ఊరి పెద్దలు బియ్యపు మూటలు పంపిన ఆ క్రిస్మసుకు వాడకు ఎవరూ నడిచి రాలేదు, మూటలు ట్రాక్టరు మీద వచ్చినవి.

ఆ కాపరికి మేము ఇప్పుడు ఇవ్వగల జవాబు ఇది: దానిని సమాధానమని ప్రసంగించవద్దు. కొట్లాట ఆగినదని చెప్పండి, అందుకు దేవునికి స్తోత్రము చెల్లించండి, అంతవరకే. మేము ఆ సంఘమును మళ్ళీ చూడబోయినప్పుడు, అరిసెలు పంపుట మానివేశామని స్త్రీలు చెప్పారు. వారిలో ఒకామె మాత్రము, ఊరిలోని ఒక ముసలాయన పొలము దగ్గర ఎండలో తన చెంబు నీళ్ళు అడిగి త్రాగాడని, చెంబును కడగకుండానే తిరిగి ఇచ్చాడని చెప్పినది. శ్మశానము దారి ఇంకా రికార్డులకు ఎక్కలేదు. అర్జీ నకలు కాపరిగారి బైబిలు సంచిలో ఉన్నది.